ఏది చెరపమంటావురా?

రెండేళ్ల క్రితం సంక్రాంతికి పది రోజుల ముందు మా నాన్నగారు హైదరాబాదుకు ఫోన్ చేశారు. మామూలుగా ఆయన ఫోను టెలిగ్రాములా ఉంటుంది. 'బాగున్నారా, పిల్లలు బాగున్నారా, ఉంటాను' అంతే. ఆ రోజు మాత్రం అలా పెట్టేయలేదు.

''ఒరేయ్, కంప్యూటర్లో చోటు అయిపోయిందంటోంది. ఏదో ఒకటి చెరపాలట. ఏది చెరపమంటావురా?''

''పాతవి చెరిపేయండి నాన్నగారూ'' అన్నాను, ఆఫీసు హడావుడిలో.

''అన్నీ పాతవే కదరా'' అన్నారాయన.

మాది కె.గంగవరం. ద్రాక్షారామం, కోటిపల్లి అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. ఆ చుట్టుపక్కలే. 2022 ఏప్రిల్ దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండేవాళ్లం, తర్వాత కోనసీమ జిల్లాలో కలిశాం. 'జిల్లా మారింది గానీ పంట బోదె మారలేదు కదా' అంటారు నాన్నగారు. హైస్కూల్లో తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యారు. ఆయనకున్న వ్యసనం ఒక్కటే, మాటలు. చదువుకునే రోజుల్లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం ఆయన చేతికి చిక్కిందట. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసిన ఆ పుస్తకం నిండా వ్యవసాయ పదాలే. రైతు నోటి మాటకు కూడా నిఘంటువులో చోటుంటుందని అప్పుడే తెలిసిందంటారు.

అప్పట్నుంచీ జేబులో ఓ చిన్న పుస్తకం, పెన్సిలు. కోటిపల్లి రేవులో పంటు ఎక్కితే సరంగుని కదిపేవారు. కొబ్బరి దింపు తీసేవాళ్లొస్తే చెట్టు కిందే కుర్చీ వేసుకునేవారు. ''పనికొచ్చినవాళ్ల ప్రాణం తీస్తున్నారు'' అని అమ్మ విసుక్కునేది. టేపు రికార్డరు కొన్నాక ఆ విసుగు రెట్టింపయింది.

1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపానును మా వైపు ఎవరూ మర్చిపోలేదు. మా ఇంటి పెంకులు లేచిపోయాయి. తెల్లారి చూస్తే అటక మీది నోటు పుస్తకాలన్నీ ముద్దయిపోయాయి. ఇనప్పెట్టెలో ఉన్న కేసెట్లు మాత్రం దక్కాయి. ఊరంతా పడిపోయిన కొబ్బరిచెట్లు లెక్కపెట్టుకుంటుంటే, మా నాన్నగారు పోయిన మాటలు లెక్కపెట్టుకున్నారు.

అందుకే 2005లో ఆఫీసు పని మీద అమెరికా వెళ్లి వస్తూ ఆయన కోసం ఓ ల్యాప్‌టాప్ తెచ్చాను. ఐబీఎం థింక్‌ప్యాడ్ టీ42. నల్లటి పెట్టె, మీటల మధ్యలో ఎర్రటి బొడిపె, లోపల 40 జీబీ హార్డ్ డిస్కు. అందులోని విండోస్ ఎక్స్‌పీకి తెలుగు అక్షరాలు వచ్చు. ఆ తెలుగు ఫాంటు పేరు 'గౌతమి'. ''మన గోదావరి పాయ పేరే పెట్టారురా'' అని నాన్నగారు వారం రోజులు ఊరందరికీ చెప్పారు. ఆ తర్వాత ఒంటి వేలితో టైపు నేర్చుకున్నారు. కేసెట్లన్నీ ఒక్కొక్కటిగా కంప్యూటర్లోకి ఎక్కించారు. సీడీ నాణ్యతకు తగ్గకూడదని పట్టుదల. ఆ లెక్కన నిమిషం మాటకు సుమారు పది ఎంబీ, గంటకు ఆరు వందల ఎంబీ పైచిలుకు చోటు కావాలి. 1956లో ఐబీఎం తయారుచేసిన మొట్టమొదటి హార్డ్ డిస్కులో 24 అంగుళాల పళ్లేలు యాభై ఉండేవి. అంతా కలిపి టన్ను బరువు. అందులో పట్టేది 50 లక్షల అక్షరాలు. అంటే మా ఊరి సరంగు మాట్లాడితే అర నిమిషం కూడా పట్టదన్నమాట! నాన్నగారి చిన్న డిస్కులో యాభై గంటలకు పైగా పట్టాయి. అయినా ఒకరోజు నిండిపోయింది.

పండక్కి వెళ్తూ కొత్త ల్యాప్‌టాప్ ఒకటి కొనుక్కెళ్లాను. నాన్నగారు దాన్ని ఇటూ అటూ తిప్పి చూసి, ''బాగుంది. నువ్వు వాడుకో'' అన్నారు. ''దీని మీటలు నా వేళ్లకు తెలియవురా. ఎనభై ఏళ్లు దాటాక కొత్త చుట్టరికాలెందుకు?''

అప్పుడు చూశాను, పాత కంప్యూటరు పక్కన ఓ తెల్లకాగితం. చెరపాల్సిన వాటి జాబితా. ముత్యాల్లాంటి ఆయన దస్తూరీలో మొదటి వరుస ఇలా ఉంది: 'ఇంట్లో ఆవిడ - వంటింటి మాటలు - 2009 - మూడు గంటలు.'

అమ్మ పోయి అప్పటికి ఏడేళ్లు.

''ఇదేంటి నాన్నగారూ?''

''మీ అమ్మ మాటలు నాకు గుర్తున్నాయి కదరా. ఆ సరంగు మాటలు ఎవరికి గుర్తుంటాయి? ఆయనా పోయాడు. పిల్లలు బెంగళూరులో స్థిరపడ్డారు.''

నాకు నోట మాట రాలేదు. కేసెట్లకు ఎప్పుడో బూజు పట్టింది. అప్పట్లో రాసిపెట్టుకున్న సీడీలు పెడితే చదవడం లేదు. అంటే ఉన్న ప్రతి ఒక్కటే, అది ఇరవై ఏళ్ల డిస్కులో. ఎన్ని పండగలకు వచ్చాను! ఎన్నిసార్లు 'కాపీ తీసి పెడతాలెండి' అన్నాను! నేనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. నేనే ఆ ఇంటి పెద్దకొడుకుని.

అంతకు ముందు రోజే టౌనులో ఓ షాపులో అడిగితే, ''మ్యూజియంలో పెట్టండి సార్'' అని నవ్వారు. చివరికి దారి చూపించింది కాకినాడలో ఇంజనీరింగు చదువుతున్న మా చిన్నవాడు. ''తాతగారూ, ఏదీ చెరపక్కర్లేదండీ. బీరువా అదే ఉంటుంది, లోపల అర మారుద్దాం'' అన్నాడు.

వాడు చెప్పిందేమిటంటే, టీ42 నాటి ల్యాప్‌టాపుల్లో డిస్కుకు 44 సూదుల పాతరకం తగులు ఉంటుంది. దాన్ని ఐడీఈ అంటారు. తర్వాత వచ్చిన డిస్కులు ఎక్కువగా 'సాటా' రకం. నేరుగా అతకవు. కానీ బొటనవేలంత వెడల్పుండే ఎంసాటా ఎస్‌ఎస్‌డీ కార్డును పాత డిస్కు కొలతలోనే ఉండే ఓ అడాప్టరులో బిగిస్తే, ల్యాప్‌టాపు దాన్ని తన పాత డిస్కే అనుకుంటుంది. రెండూ కలిపి మూడు వేలు దాటలేదు.

''పెద్దదే తెప్పించకపోయావా, 500 జీబీది?'' అన్నాను.

''పాత యంత్రాలతో జాగ్రత్త నాన్నా'' అన్నాడు. డిస్కంటే 512 బైట్లు పట్టే గదుల వరస. పాత పద్ధతిలో గది నెంబరు రాయడానికి 28 బిట్లే ఉండేవి. అంటే 26 కోట్ల 84 లక్షల పైచిలుకు గదులు, 137 జీబీ. ఆపైన గదులున్నా ఉత్తరం చేరదు. ఎక్స్‌పీ కూడా మొదటి సర్వీస్ ప్యాక్ వచ్చేదాకా ఆ గీత దాటలేదు. టీ42కు ఆ గీత దాటడం వచ్చు గానీ, తాతగారి సొత్తుతో ప్రయోగాలెందుకని వాడు 120 జీబీ దగ్గరే ఆగాడు. ఎప్పుడూ నేను చెప్తే వాడు వినేవాడు. ఆ రోజు వాడు చెప్తే నేను విన్నాను.

భోగి ముందురోజు రాత్రి పని మొదలెట్టాం. ల్యాప్‌టాపు అడుగున ఒకే ఒక్క స్క్రూ. అది విప్పితే డిస్కు సొరుగులా బయటికొచ్చింది. దాన్ని యూఎస్‌బీ తీగతో వాడి కంప్యూటరుకు తగిలించాడు. తగిలించగానే లోపల్నుంచి 'టిక్కు... టిక్కు...' అని గోడగడియారంలా చప్పుడు. వాడి మొహం మారింది. ''వయసైపోయింది నాన్నా. ఇలాంటప్పుడు ఫైళ్లు తెరిచి చూడకూడదు. ముందు మొత్తం నకలు తీసేయాలి.''

అందుకు జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడాడు. అది తెలివిగా పనిచేస్తుంది. మొండికేసిన చోట కూర్చుని డిస్కును అరగదీయదు. ముందు సులువుగా చదవగలిగిందంతా చదివేసుకుని, మొండివాటిని చివర్లో బతిమాలుతుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఓ పట్టీ రాసుకుంటుంది కాబట్టి, డిస్కు వేడెక్కితే ఆపి, చల్లారాక ఆగిన చోట నుంచే మొదలెట్టొచ్చు. అలా ఆపుతూ, ఫ్యాను గాలికి పెడుతూ తెల్లవారుజాము దాకా కూర్చున్నాం. వీధిలో భోగిమంట వేస్తున్నారు. పాతవన్నీ అందులో పడేస్తున్నారు. నాన్నగారు మాత్రం మా వెనకే మడత కుర్చీలో కూర్చుని పాతదాన్నే చూస్తున్నారు.

అంతా వచ్చింది, ఎనిమిది గదులు తప్ప. 4,096 బైట్లు. ఎన్నిసార్లు అడిగినా డిస్కు ఇవ్వలేదు. అవి ఏ ఫైలులో పడ్డాయో తెలుసుకోవడానికి వాడు నకలులో ఆ ఖాళీల్లో ఓ గుర్తు నింపి, ఆ గుర్తు కోసం వెతికాడు. కాసేపటికి తలెత్తి నా వైపు చూశాడు.

అమ్మ ఫైలు.

నాన్నగారితో ఎలా చెప్పాలా అనుకుంటుంటే వాడే చెప్పాడు. ''తాతగారూ, మీరు కుదించకుండా దాచబట్టి బతికిపోయామండీ. ఈ రికార్డింగులో సెకనుకు 1,76,400 బైట్లు. పోయింది 4,096. అంటే సెకనులో నలభై మూడో వంతు. ఆ చోట సున్నాలు నింపితే, అంతసేపు నిశ్శబ్దంగా ఉంటుందంతే.''

పెట్టి విన్నాం. తేగలు తంపటి వేయడం గురించి చెప్తోంది అమ్మ. కుండ ఎలా బోర్లించాలో, బుర్రగుంజు పిల్లలకు ఎందుకు ముందు పెట్టాలో. మధ్యలో ''ఆ పెట్టె ఆపండి, పాలు పొంగుతున్నాయి'' అని కేక. ఆ గొంతు ఆ ఇంట్లో ఏడేళ్ల తర్వాత వినబడింది.

''ఎక్కడరా పోయింది? నాకేమీ తెలియలేదే'' అన్నారు నాన్నగారు.

''రెప్పపాటు కంటే తక్కువండీ.''

''అయితే మళ్లీ పెట్టు'' అన్నారు. మళ్లీ పెట్టాడు. ఆ ముక్కే నాలుగుసార్లు విన్నారు. అన్నీ గుర్తున్నాయన్న మనిషి!

తర్వాత ఎస్‌ఎస్‌డీని సొరుగులో బిగించి మీట నొక్కితే, డిస్కే లేదంది ల్యాప్‌టాపు. నా గుండె జారింది. చూస్తే అడాప్టరు మీద మినపగింజంత జంపరు ఒకటి ఉండకూడని చోట ఉంది. అది పీకేస్తే గౌతమి అక్షరాలతో సహా నాన్నగారి తెర తెరుచుకుంది. అదే గోడబొమ్మ, అవే ఫోల్డర్లు. ఒక్కటే తేడా, చప్పుడు లేదు.

''ఇది ప్రాణంతోనే ఉందా?'' అని చెవి ఆనించి చూశారాయన. తర్వాత ఇంకో అనుమానం. ''120 అన్నారు, 111 చూపిస్తోందేం? కొబ్బరికాయల బేరంలో కూడా ఇంత దగా ఉండదే!'' దగా కాదండీ, అమ్మేవాళ్లు వెయ్యి చొప్పున లెక్కేస్తారు, విండోస్ 1,024 చొప్పున లెక్కేస్తుంది, పాత 40 కూడా 37గానే కనిపించేది అని నచ్చజెప్పేసరికి కాఫీలు చల్లారిపోయాయి.

ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8 నుంచి మైక్రోసాఫ్ట్ మరమ్మతులు ఆపేసింది కాబట్టి దాన్ని ఇంటర్నెట్‌కు తగిలించొద్దని గట్టిగా చెప్పాం. ఆయనకు దానితో పనీ లేదు. ఎస్‌ఎస్‌డీ కూడా శాశ్వతం కాదు. కరెంటు ముఖం చూపించకుండా ఏళ్ల తరబడి బీరువాలో పడేస్తే అందులో దాచిన విద్యుదావేశం మెల్లగా కారిపోతుంది. అందుకే మొత్తం సొత్తు ఇంకో రెండు డిస్కుల్లోకి ఎక్కించాం. ఒకటి హైదరాబాదులో నా దగ్గర, ఒకటి కాకినాడలో మావాడి దగ్గర. ఏటా సంక్రాంతికి మూడూ కలిపి సరిచూసుకోవాలని ఒప్పందం.

''ఇందులో కొత్తేముందిరా'' అన్నారు నాన్నగారు. ''తాటాకు పుస్తకమూ అంతే. పురుగు పట్టేలోపు ఎవరో ఒకరు కూర్చుని కొత్త ఆకుల మీద ఎక్కించుకునేవారు. బ్రౌన్ దొర జీతాలిచ్చి పండితుల చేత నకళ్లు రాయించాడు. ఎక్కించుకున్నవి మిగిలాయి. 'తర్వాత చూద్దాంలే' అన్నవి పోయాయి.'' నన్ను ఉద్దేశించి అనలేదు గానీ, నాకే తగిలింది.

పాత డిస్కును గుడ్డలో చుట్టి ఇనప్పెట్టెలో పెట్టారు, కేసెట్ల పక్కన.

మేం బయల్దేరే రోజు చూస్తే ఆ చెరపాల్సిన జాబితా కాగితం తిరగేసి ఉంది. వెనకవైపు ఆయన కొత్త జాబితా రాసుకుంటున్నారు. డెబ్భై జీబీకి పైగా ఖాళీ ఉంది, వంద గంటలకు పైగా పడుతుంది. ఎవరెవర్ని మాట్లాడించాలో పేర్లు. ''ఖాళీ చూస్తే భయమేస్తోందిరా. ఇదివరకు చెప్పేవాళ్లుండేవారు, చోటు లేదు. ఇప్పుడు చోటుంది, చెప్పేవాళ్లు తగ్గిపోయారు'' అన్నారు.

జాబితాలో మొదటి పేరు చూసి ఆశ్చర్యపోయాను. నాదే.

''నా దగ్గరేం మాటలున్నాయి నాన్నగారూ?''

''పదహారేళ్లు ఈ ఊళ్లో పెరిగావు కదరా. ఏం గుర్తున్నాయో, ఏం పోయాయో చూద్దాం. కూర్చో, బస్సుకింకా గంట టైముంది'' అంటూ మైకు నా వైపు జరిపారు.