నల్లమల యంచున నొక కత్తి

అహోబిల యాత్రకు బోవుచు మేము ఆళ్లగడ్డలో నాగితిమి. నల్లమల యంచున మా వదినగారికి తోట గలదు. క్రిందటి యేడు అచ్చట కంపతుమ్మ నఱకుచుండగా మడతకత్తి మూసికొని యామె వ్రేళ్లు తెగినవి. కావున ఈసారి మడతలేని కత్తినే కొనదలచితిమి.

కమ్మరి రెండు చూపెను. తళతళలాడు దాని యినుము పిడిలోనికి రెండంగుళములే దిగియున్నది; గట్టిగా గొట్టిన నూడును. రెండవది నల్లనిది, లారీ కమానుపట్టీని సాగగొట్టి చేసినది. అలుగు జానెడు, వీపు మందము. పిడి కొసవఱకు నొకే యుక్కు. ఇట్టి యుక్కు త్రుప్పుపట్టును, తుడిచి నూనె రాయవలెను. కాని సులభముగా విఱుగదు.

వదినగారు పట్టి చూచి, "ఇది మగవాళ్ల పిడి అన్నా, నా చేతిలో తిరిగిపోతాంది" అనిరి.

"ఆడోళ్లు కొనరు గదమ్మా!" అనెను అతడు.

కొనకున్న నేమి, కంప కొట్టునది ఎవరు? మాట యనలేదు గాని మాకు మనసు చివుక్కుమన్నది. అతడే చెక్కను చెక్కి సన్నము చేసి యిచ్చెను.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున కత్తియు నాయుధమే. అనుమతి లేనిదే అభయారణ్యములోనికి గొనిపోరాదు. అందుచే ఎగువ అహోబిలమునకు బోవునపుడు దానిని దిగువ బసలోనే గుడ్డచుట్టి యుంచితిమి. మఱునాడు తోటలో వదినగారు మణికట్టు లావు తుమ్మకొమ్మను నాలుగు వేటులలో దించిరి. పిడి కదలలేదు.