బతుకమ్మ పూలు, నైవాషా గులాబీలు

భాద్రపదం ముగిసే రోజుల్లో కరీంనగర్ నుంచి జగిత్యాల మీదుగా ఆదిలాబాద్ వైపు బస్సెక్కితే, కిటికీ పక్క సీటు మాత్రం వదులుకోకండి. పొట్టకొచ్చిన వరి చేలు, పసుపు తోటలు, గట్ల మీద విరగబూసిన తంగేడు... గోదావరి దాటి నిర్మల్ పోయి, మహబూబ్ ఘాట్ కొండలెక్కాక పత్తి చేలు మొదలవుతాయి. వాటి మధ్య తెల్లగా, లేత గులాబి రంగులో తలలూపుతూ గునుగు. ఎవరూ విత్తరు, ఎవరూ నీళ్ళు పెట్టరు. అయినా ఎంగిలిపూల బతుకమ్మ నాటికి ఠంచనుగా పూసి కూర్చుంటాయి!

ఒకప్పుడు ఈ పూలకి ధర అనేది లేదు. పిల్లలు పొద్దున్నే బుట్టలు పట్టుకుపోయి కోసుకొచ్చేవారు. ఇప్పుడు పట్నాల చుట్టూ బీళ్ళు ప్లాట్లయ్యాయి. కలుపు మందు కొట్టే చేలల్లో గునుగు కనబడటం తగ్గింది. అందుకే కరీంనగర్‌లో తంగేడు కట్టలు, గునుగు కట్టలు బజారులో కొనుక్కోవలసి వస్తోంది. పల్లెల నుంచి వాటిని కోసుకొచ్చి అమ్మే ఆడవాళ్ళకి ఆ తొమ్మిది రోజులూ చేతి ఖర్చులకి నాలుగు పైసలు. ఇక బంతి, చామంతి అయితే పూర్తిగా పంట కిందే లెక్క.

బంతి తోట వున్న ఇంట్లో

బంతి నారు పోసి నాటితే రెండు నెలలకి పూత అందుతుంది. అక్కడినుంచి మూడు నాలుగు రోజులకోసారి కోత. పత్తి, వరి అయితే పంటంతా అమ్మాకే డబ్బు, అదీ మగవారి చేతికే. పూల సంగతి వేరు. కోసిన రోజే అమ్మకం, అమ్మిన రోజే డబ్బు. కోసేదీ, దండ కట్టేదీ, చాలా చోట్ల గంప ముందేసుకుని అమ్మేదీ ఆడవాళ్ళే గనుక ఆ పైసలు వాళ్ళ కొంగులోనే వుంటాయి. పిల్లవాడి ఫీజుకో, గ్యాస్ బండకో ఎవరి ముందూ చెయ్యి చాచే పని లేదు.

ఇంకో మేలు కూడా వుంది. పత్తి చేనులో అక్కడక్కడా బంతి వేస్తే పచ్చపురుగు తల్లి రెక్కల పురుగులు పత్తిని వదిలి బంతి మీద గుడ్లు పెడతాయి. ఆ పూలు, మొగ్గలు గిల్లేస్తే పత్తికి పురుగు బెడద తగ్గుతుంది. వేళ్ళకి బుడిపెలు కట్టించే నులిపురుగుని కూడా బంతి అదుపులో పెడుతుంది. టమాటా వేసే రైతులకి ఇది బాగా తెలుసు.

మరి నష్టమెక్కడ? పూవు ఆగదు. ధాన్యమైతే గాదెలో పోసి మంచి ధర కోసం ఎదురుచూడవచ్చు. పసుపు ఎండబెట్టి దాచవచ్చు. బంతిని ఎన్నాళ్ళు దాస్తాం? "సద్దులనాడు బంగారమే అక్కా, తెల్లారితే బర్రెలకేసుడే!" అని గంప ముందు కూర్చున్న అవ్వ అన్న మాటలో పూల వ్యాపారమంతా వుంది. అందరూ పండక్కే పూత వచ్చేలా నాటితే, అందరి పూలూ ఒక్కసారే మార్కెట్‌కి వస్తాయి. ధర పడితే కోత కూలీ కూడా గిట్టదు. హైదరాబాదు గుడిమల్కాపూర్ మార్కెట్‌కి పంపుదామంటే రవాణా ఖర్చు ముందే చేతినుంచి పెట్టుకోవాలి.

నైవాషా సరస్సు ఒడ్డున

ఇదే కథ చాలా పెద్ద ఎత్తున నడిచిన చోటు ఒకటుంది. కరీంనగర్ పల్లెల్లో దుబాయి వెళ్ళిన మనిషి లేని వాడ అరుదు కదా! ఆ దుబాయి పూల దుకాణాలకి వచ్చే గులాబీల్లో ఆఫ్రికా ఖండంలోని కెన్యా దేశపు పూలు కూడా వుంటాయి. కెన్యా రాజధాని నైరోబీకి సుమారు 90 కిలోమీటర్ల దూరంలో నైవాషా అనే మంచినీటి సరస్సు వుంది. భూమధ్యరేఖ దగ్గర కావడంతో ఏడాదంతా ఎండ, ఎత్తైన ప్రదేశం కావడంతో రాత్రిళ్ళు చల్లదనం. గులాబీకి ఇంతకన్నా ఏం కావాలి? ప్లాస్టిక్ పందిళ్ళ కింద పెంచి, కోసి, చల్లని గదుల్లో పెట్టి, విమానంలో హాలండ్‌కి పంపుతారు. యూరప్ ఇళ్ళలోని పూలకుండీలు అలా నిండుతాయి.

ఈ తోటల్లో పనిచేసేవారిలో ఆడవాళ్ళే ఎక్కువ. వాన మీద ఆధారపడిన సేద్యంతో నెట్టుకొచ్చిన కుటుంబాలకి నెలనెలా జీతం వచ్చింది. కొన్ని తోటలు కార్మికులకి ఇళ్ళు, బడి, ఆసుపత్రి కూడా కట్టించాయి. ఇది మేలే, కాదనలేం.

అయితే ఒక్క గులాబీ కాడ పెరగడానికి 7 నుంచి 13 లీటర్ల నీళ్ళు పడుతుందని లెక్క వేశారు. అంటే పూవుతో పాటు బిందెడు నీళ్ళు కూడా విమానమెక్కిపోతున్నట్టే. 2009 కరువులో నైవాషా సరస్సు బాగా కుంచించుకుపోయింది. 2010 ఫిబ్రవరిలో చేపలు చచ్చి తేలాయి. తప్పు తోటలదని జాలరులు, వాన నీటితో కొట్టుకొచ్చిన బురదదని తోటలవాళ్ళు వాదులాడుకున్నారు. వాదన ఎలా తేలినా ఖాళీ అయింది జాలరి వల. పందిరి కింద పురుగుమందు వాసన పీల్చే కూలీల ఆరోగ్యం సంగతి మరో దిగులు.

మన తెలుగు ఇంటిపేరు కూడా ఈ కథలో వుంది. బెంగుళూరుకి చెందిన కరుటూరి గ్లోబల్ కంపెనీ 2007లో నైవాషాలో పెద్ద గులాబీ తోట కొని, ప్రపంచంలోనే అతి పెద్ద గులాబీ ఉత్పత్తిదారుల్లో ఒకటని పేరు తెచ్చుకుంది. తర్వాత అప్పులు పెరిగాయి. 2014లో తోట బ్యాంకు నియమించిన అధికారుల చేతికి వెళ్ళింది. జీతాలందక కార్మికులు రోడ్డెక్కారు. ఆ తర్వాత 2020 మార్చిలో కరోనా వచ్చి యూరప్ అంగళ్ళు మూతపడితే, కెన్యాలో తోటలకి తోటలే పూలు కోసి పారబోశాయి. వేలమంది ఆడవాళ్ళని ఇళ్ళకి పంపేశారు. చేతినిండా గులాబీలున్నా పొయ్యి మీద పెట్టడానికి గుప్పెడు గింజలు కావాలి కదా!

మనం నేర్చుకోవలసింది

పూల సాగు చెడ్డదని చెప్పడం లేదు. అన్నం పెట్టే చేను పక్కన పూలమడి వుంటే అది ఇంటికి వెలుగు. అన్నం పెట్టే చేను తీసేసి పూలమడి వేస్తేనే చిక్కు. జొన్న వదిలి పూర్తిగా పత్తిని నమ్ముకున్న ఆదిలాబాద్ రైతులకి, తినలేని పంట ధర పడిపోతే ఎలా వుంటుందో చెప్పనక్కరలేదు. పందిళ్ళలో జర్బెరా పెంచడానికి 2014 తర్వాత తెలంగాణ ప్రభుత్వం 75 శాతం రాయితీ ఇచ్చింది. కానీ మిగతా పాతిక శాతానికి అప్పు చేసేవారు మూడు సంగతులు ముందే ఆలోచించుకోవాలి. ఎండాకాలంలో బోరు నీళ్ళిస్తుందా? పెళ్ళిళ్ళు లేని నెలల్లో ఎవరు కొంటారు? ఆ ఏడాది తిండిగింజలు ఇంట్లో వున్నాయా?

కొనుక్కునే మనమూ కొంత చెయ్యవచ్చు. పండగకి రెండు మూడు రోజుల ముందే పల్లె నుంచి గంప తెచ్చిన మనిషి దగ్గర కొని, తడిగుడ్డలో చుట్టి నీడన వుంచితే పూలు వాడవు. అవ్వ దగ్గర పావలాకీ అర్ధకీ గీచి గీచి బేరమాడకండి. మందు కొట్టిన పూలేమోనని అనుమానముంటే నీళ్ళలో ముంచి తీసి, ఆరాకే జడలో పెట్టుకోండి. డాబా మీద నాలుగు కుండీలుంటే ఆషాఢంలో బంతి విత్తనాలు చల్లండి. నెల రోజులకి తల తుంచితే గుబురుగా కొమ్మలేసి దసరాకి పూస్తుంది. ఊళ్ళో మీకు చేనుంటే గట్టు మీద తంగేడు నరకవద్దని పాలేరుకి ఒక్క మాట చెప్పండి. నీళ్ళడగని పూవు అది, పోగొట్టుకుంటే మళ్ళీ కొనుక్కోవలసిందే.