పొయ్యిమీది పాకం

ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అంటూ ముప్ఫై రెండేళ్ళు పిల్లలకు కావ్యపాకాలు బోధించినవాణ్ణి. పొయ్యిమీది పాకం సంగతి మాత్రం పదవీ విరమణ తరువాతనే తెలిసివచ్చింది.

మా శ్రీమతికి మధుమేహం. జామ్ అంటే మాత్రం చిన్నపిల్ల. శీతకాలంలో మహాబలేశ్వరం స్ట్రాబెర్రీలు హైదరాబాదు బజారుకు రాగానే కిలో తెచ్చాను. పండుతో సమానంగా వేయవలసిన చక్కెరను పావుకిలోకు కుదించి, ఉడికించి, సీసాకెత్తి అలమరలో ఉంచాను. పదో రోజుకు తెల్లని బూజు! పైపొర తీసి వాడుకుందామన్నాను.

"ఆవకాయలో ఉప్పు తగ్గిస్తే ఏమవుతుందో తెలియదా పంతులుగారూ?" అంటూ ఆవిడ మొత్తం పారబోయించింది. చక్కెర తీపికోసమే అనుకున్నాను. పండులోని నీటిని పట్టి ఉంచి, బూజుకు అందకుండా కాచేది కూడా అదేనట.

మరొక చిక్కు. స్ట్రాబెర్రీలో పెక్టిన్ తక్కువ. చక్కెర కూడా తగ్గితే జామ్ చిక్కబడదు. ఆ పెక్టిన్ దండిగా ఉన్నది మన జామకాయలో. (జామ్‌కు జామ తోడు కావడం నిఘంటుకారులు గమనించారో లేదో!) రెండోసారి రెండు దోరజామకాయలు ఉడికించి వడకట్టిన రసమూ, ఒక నిమ్మకాయ రసమూ చేర్చి, అడుగంటకుండా కలుపుతూ కూర్చున్నాను. చల్లని పళ్ళెంలో చుక్క వేసి వేలితో గీస్తే గీత పూడలేదు. నీళ్ళలో మరిగించిన చిన్నసీసాలలో, పైన వేలెడు ఖాళీ వదిలి నింపాను. చల్లారాక ఒకటి ఫ్రిజ్‌లో, తక్కినవి ఫ్రీజర్‌లో. తెరిచినది మూడు వారాలలో ముగించాలి.

పండులోనూ చక్కెర ఉన్నది గనుక ఆవిడ వంతు రోజుకొక్క చెంచా. నిన్న రెండో చెంచాకు మూత తీస్తుండగా చూశాను. చూడనట్టు పత్రిక పేజీ తిప్పాను.