దొంగచాటు చదువు

1996 సెప్టెంబర్ 27 తెల్లారేసరికి కాబూల్ తాలిబాన్ చేతిలోకి వెళ్లిపోయింది. మాజీ అధ్యక్షుడు నజీబుల్లాను చంపి అరియానా కూడలిలో వేలాడదీశారు. అప్పుడు నేను పదో తరగతి. ఇక రేడియోలో పాటలు పోయి ఫర్మానాలు మిగిలాయి. ఆడవాళ్లు ఉద్యోగాలకు పోకూడదు, ఆడపిల్లలు బడికి పోకూడదు, ఇంటి మగవాడు తోడు లేనిదే గడప దాటకూడదు. ఊళ్లో పంతులమ్మలే ఎక్కువ కాబట్టి మగపిల్లల చదువులూ కుంటుపడ్డాయి. మా అమ్మా పంతులమ్మే. నాన్న అంతర్యుద్ధంలో రాకెట్ పడి పోయాడు. ఇంటికి మిగిలిన మగదిక్కు పదకొండేళ్ల తమ్ముడు.

బురఖా జాలీలోంచి ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది గానీ పక్కనున్నది కనిపించదు. ఓ రోజు మందవీ బజారులో ఉల్లిపాయలు బేరమాడుతుంటే చీలమండ మీద కేబుల్ దెబ్బ పడింది. గాలికి బురఖా లేచి పాదం కనిపించిందట. కొట్టినవాడు నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. ‘అక్కను అదుపులో పెట్టుకోవడం చేతకాదా?’ అని తమ్ముణ్ణి గద్దించాడు. వాడు వారం రోజులు అన్నం సరిగా తినలేదు.

ఆ చలికాలమే అమ్మ ఖైర్ ఖానాలోని మా ఇంట్లో బడి పెట్టింది. ఆడవాళ్లు బయటికి కనిపించకూడదని కిటికీ అద్దాలకు రంగు పూయించారు కదా, లోపల ఏం జరుగుతోందో వీధికి తెలిసేది కాదు. వాళ్ల హుకుమే మాకు అక్కరకొచ్చింది. పిల్లలు ఇద్దరిద్దరుగా, వేర్వేరు వేళల్లో వచ్చేవారు. చేతిలో గుడ్డలో చుట్టిన ఖురాన్, బట్టల మాటున లెక్కల పుస్తకం. తలుపు చప్పుడైతే పుస్తకాలు పరుపు కిందికి పోయేవి, అందరూ సూరాలు అందుకునేవారు. ఫీజంటే గిన్నెడు పిండో, నాలుగు కట్టెలో. చిన్నపిల్లలకు భిన్నాలు నేనే చెప్పేదాన్ని.

ఒక సాయంత్రం మా వీధిలో కాపురముంటున్న తాలిబ్ భార్య కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. ‘ఖాలా జాన్, మా ఆయనకు తెలుసు. దీనికీ నాలుగక్షరాలు నేర్పండి’ అంది. అమ్మ ఏమీ అడగలేదు, ఆ పిల్లకు పలక ఇచ్చి మొదటి వరుసలో కూర్చోబెట్టింది. ఆడపిల్ల చదువు మతానికి విరుద్ధమని బజారులో కేబుల్ పట్టుకు తిరిగేవాళ్లు సొంత కూతురి దగ్గరికొచ్చేసరికి ఆ మాట నమ్మలేదు.

2001 నవంబర్ 13న కాబూల్ వాళ్ల చేయి జారింది. మరుసటి మార్చిలో బడులు తెరిచారు. చదువు ముగించి నేనూ పంతులమ్మనయ్యాను. 2021 ఆగస్టు 15న వాళ్లు మళ్లీ వచ్చారు. 2022 మార్చి 23న ఆడపిల్లల హైస్కూళ్లు మళ్లీ తెరుస్తున్నామంటే మా పిల్లలు యూనిఫాం వేసుకుని వచ్చారు, కొన్ని గంటల్లోనే ఇళ్లకు పొమ్మన్నారు. ఆ డిసెంబర్‌లో ఆడపిల్లలకు యూనివర్సిటీలూ మూశారు.

ఆరో తరగతి దాటిన ఆడపిల్లకు బడి నిషేధించిన దేశం ఇవాళ లోకంలో మాదొక్కటే. ఇది అఫ్గానుల ఆచారమనో, మతమనో ఎవరైనా చెబితే నమ్మకండి. ఇది తుపాకీ పట్టినవాళ్ల హుకుం, అంతే.