కోవిల్‌పట్టి అవ్వ, విరుదునగరం ఇల్లు

మదురై నుండి తిరునెల్వేలి పోయే దారిలో కోవిల్‌పట్టి. చుట్టూ నల్లరేగడి నేల, అగ్గిపెట్టెల పరిశ్రమ, ఏ వీధి చూచినా వేరుసెనగ మిఠాయి దుకాణాలు. ఆ మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. మేము నలుగురం బేరమాడుతూ ఉండగా అరుగు మీది అవ్వ, "మీరూ మనవాండ్లేనా?" అని తెలుగున పలకరించినది. ఇక బేరమెక్కడిది! అడిగినంత ఇచ్చినాము.

నాయకరాజుల కాలంలో వచ్చిన కుటుంబాలట. ఇంట అంతా తెలుగే. సంతోషించి మన పత్రిక సంచిక చేతిలో పెడితే, అవ్వ దాన్ని మనుమడికిచ్చినది. ఎనిమిదవ తరగతి చదివే పిల్లవాడు. బొమ్మలన్నీ చూచి, "మాట్లాడతాం గాని ఈ అక్షరాలు రావు" అన్నాడు. సమీపాన ఇడైసేవల్ గ్రామంలో తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్ తమిళంలోనే వ్రాసి 1991లో సాహిత్య అకాడమీ బహుమానం పొందినారు. అందులో తప్పేమీ లేదు. అయినా ఆ పిల్లవాడి మాట మమ్మల్ని వదలలేదు.

మాలో ఒకాయన వకీలు. బస్సులో ఆయన చెప్పగా విన్నాము: 1956 నాటి ఏడవ సవరణలో 350ఎ అధికరణం ఉన్నదట. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందించుటకు ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించవలెను. ఆ ఏడే, నవంబరు 1న, ఆంధ్రప్రదేశ్ ఏర్పడినది. మనకు రాష్ట్రం దక్కినది, అవ్వకు ఆ అధికరణం దక్కినది. ఆమెకు ఆ సంగతే తెలియదు. నిజం చెప్పవద్దూ, మాకూ తెలియదు.

సాత్తూరు మీదుగా విరుదునగరం చేరి కామరాజుగారి ఇల్లు చూచినాము. చిన్న ఇల్లు. ఆరవ తరగతితో చదువు మానిన ఆయన రాజ్యాంగసభలో సభ్యులు. 1949 నవంబరు 26న ఆమోదించి, 1950 జనవరి 26న అమలుకు తెచ్చిన రాజ్యాంగానికి మొదటి సవరణ రావడానికి మద్రాసు తగవు ఒక కారణం. కళాశాల సీట్లను పద్నాలుగేసి చొప్పున కులమతాల వారీగా పంచే ప్రభుత్వ ఉత్తర్వుపై చంపకం దొరైరాజన్ హైకోర్టుకెక్కినది. నెల్లూరు జిల్లా పుదూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యరు, రాజ్యాంగ ముసాయిదా సంఘ సభ్యులు, ఉత్తర్వుకు వ్యతిరేకంగా వాదించినారు. ఉత్తర్వును నిలబెట్టుకోజూచిన మంత్రివర్గానికి పెద్ద ఈ ప్రాంతపు రాజపాళయం తెలుగువాడే, కుమారస్వామిరాజాగారు! 1951 ఏప్రిల్ 9న సుప్రీంకోర్టు ఉత్తర్వును కొట్టివేసినది. మద్రాసు రాష్ట్రం అట్టుడికినది. అప్పటి రాష్ట్ర కాంగ్రెసు నాయకుడు కామరాజు దిల్లీలో గట్టిగా పట్టుబట్టినారని చెప్పుకొంటారు. జూన్ 18కి సవరణ అమలైనది. వెనుకబడిన తరగతులకు ప్రత్యేక ఏర్పాట్లు చేయవచ్చునని 15వ అధికరణానికి నాలుగవ ఖండం చేరినది. లెక్కిస్తే డెబ్బది రోజులు. ఆ సవరణతోనే వాక్‌స్వాతంత్ర్యానికి కొత్త హద్దులు వచ్చినవని మా వకీలు ముఖం చిట్లించినాడు. అది వేరే కథ.

ఆ యింటి వాకిట మాకు తోచినది ఒకటే: అక్కడ అడిగినవారున్నారు. 350ఎ కోసం అడిగినదెవరు?

ఊరు చేరిన మరునాడు పెద్దబాలశిక్ష ఒకటి మిఠాయి దుకాణానికి తపాలాలో పంపినాము. ఇంకా రెండు కావలెనని జవాబు వచ్చినది, తమిళంలో.