పది నిమిషాల ఆట

మా నాన్న కోనసీమలో కొబ్బరి దింపు కార్మికుడు. సంతకం రాదు. చెట్టుకింత అని కూలి కాబట్టి, సాయంత్రం ఎక్కిన చెట్లు ఇంకోసారి లెక్క చూసుకుంటేగాని తోటలోంచి కదలడు. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేను. ఇప్పుడు రాజమహేంద్రవరంలో ఎం.సి.ఎ. చదువుతున్నాను. అయినా లెక్క సరిచూసుకునే బుద్ధి నాకు నేర్పింది మన హాస్టల్లో ఒక పదో తరగతి తమ్ముడు.

కిందటేడు వార్షికోత్సవానికి చదరంగం పోటీలు నడపమని నన్ను పిలిచారు. ఇద్దరి సమయాన్నీ విడివిడిగా కొలిచే జంట గడియారం 1883 లండన్ టోర్నమెంటు నుంచీ ఉంది. మన కోనేరు హంపి 2019లో, 2024లో ప్రపంచ మహిళల ర్యాపిడ్ టైటిల్ గెలిచిన పోటీల్లో ఒక్కొక్కరికి 15 నిమిషాలు, ఎత్తుకు మరో 10 సెకన్లు. మన దగ్గర అలాంటి గడియారం లేదు. అందుకని నా లాప్‌టాప్‌లో జావాతో నేనే ఒకటి రాశాను. చెరి 5 నిమిషాలు. ఎత్తు వేయగానే ఒకరు ‘ఎ’ మీట, ఇంకొకరు ‘ఎల్’ మీట నొక్కాలి. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ పొంగిపోయాను.

ఫైనల్లో ఆ తమ్ముడు గోడగడియారం చూసి, “అన్నయ్యా, మొదలెట్టి పది నిమిషాలు దాటింది. ఇంకా ఇద్దరికీ టైం ఎలా మిగిలింది?” అన్నాడు.

“కంప్యూటర్ తప్పు లెక్క వెయ్యదు, ఆడు” అని గదిమాను. ఆ మాటల్లోనే అతని టైం అయిపోయింది. ఓడిపోయాడు.

రాత్రి నిద్ర పట్టలేదు. చెరి అయిదంటే మొత్తం పదే కదా! లేచి ప్రోగ్రాం చూశాను. సెకను పూర్తయితేనే ఒకటి తగ్గించమని రాశాను. మీట నొక్కిన ప్రతిసారీ టైమర్ మళ్లీ సున్నా నుంచి మొదలవుతోంది. అంటే సెకనులోపు ఆడినవాడికి ఆ సమయం ఉచితం. ఆలోచించి ఆడేవాడికే నష్టం. టైమర్ టిక్కుల్ని లెక్కపెట్టడం మానేశాను. మీట నొక్కిన క్షణంలో కంప్యూటర్ గడియారాన్ని చదివి, కిందటిసారి చదివినదాన్ని తీసివేసి, ఆ తేడానే తగ్గించాను. మిగిలిన రెండు సమయాలూ, గడిచిన సమయమూ కలిపితే పది రావాలి. వచ్చింది.

పొద్దున్న ప్రార్థనలో అందరి ముందూ తప్పు నాదేనని చెప్పాను. ఫైనల్ మళ్లీ ఆడించాం. ఈసారీ ఆ తమ్ముడే ఓడాడు. “ఇప్పుడు నిజంగా ఓడాను అన్నయ్యా” అని నవ్వాడు.

తమ్ముళ్లూ, ఎంత చదివినవాడు చెప్పినా, లెక్క కుదరకపోతే అడగండి. అడిగినప్పుడు గదిమేవాడిగా మాత్రం మీరు ఎదగకండి.

— ఒక పూర్వ విద్యార్థి, ఎం.సి.ఎ.