గట్టు చాలని వంట

ఏ వస్తువైనా కాస్త మూల్గితే చాలు, మర్నాటికి పాతసామాన్ల బండెక్కించేయడం మా వనస్థలిపురంలో ఇప్పుడు అందరికీ అలవాటయిపోయింది. నాకింకా అబ్బలేదు. 2011లో కొన్న కంప్యూటరు ఇప్పటికీ నా గదిలోనే ఉంది. ఈమధ్య దానికి ఆయాసం పట్టుకుంది. నవల ఒక పక్క, స్కాను చేసిన నిఘంటువు మరోపక్క తెరిచానంటే, నేను కొట్టిన అక్షరం కనిపించేలోగా కాఫీ కలుపుకుని రావచ్చు.

"పారేసి కొత్తది కొనుక్కోమ్మా" అన్నాడు మావాడు. వాడికేం, అంటాడు! నా రాతంతా అను ఫాంట్లలో ఉంది. ఆ ఫాంటు లేని చోట తెరిస్తే నా కథానాయిక కన్నీళ్లన్నీ పిచ్చి ఇంగ్లీషు గుర్తులైపోతాయి. యూనికోడ్‌లోకి మార్చే ఉపాయాలున్నాయి గానీ, వత్తులు అటూ ఇటూ అయితే ఆరు నవలల ప్రూఫులు ఎవరు దిద్దుతారు, మీరే చెప్పండి!

చివరికి వాడే జాలిపడి, దానికి కావలసింది ర్యామ్ అని తేల్చాడు. నాబోటి బి.ఏ. వాళ్లకి అర్థమయ్యేట్టు చెప్పాలంటే హార్డ్ డిస్కు అటక, ర్యామ్ వంటగట్టు. డబ్బాలు అటక మీద ఎన్నున్నా, వంట సాగాల్సింది గట్టు మీదే. గట్టు ఇరుకైతే కూర తరగడానికి పప్పుగిన్నె అటకెక్కించాలి, పోపుకి మళ్లీ దించాలి. ఆ ఎక్కడం దిగడమే మా యంత్రం ఆయాసం. కరెంటు పోయిందా, గట్టు మీదవి మాయం, అటక మీదవి పదిలం. దానికున్న గట్టు 2 జీబీ.

పాత ముక్కని చేతిసంచీలో వేసుకుని ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కాం. అమీర్‌పేటలో మారి, ప్యారడైజ్‌లో దిగి, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లాం. కొట్టు కుర్రాడు ముక్కని తిప్పి చూశాడు.

"ఇది డీడీఆర్ త్రీ మేడమ్. టూకి గాటు ఒక దగ్గర, త్రీకి ఇంకో దగ్గర ఉంటది. ఒకదాంట్ల ఇంకోటి పట్టదు."

పెళ్లి జాతకాలే నయం!

మావాడు 8 జీబీ అడిగాడు. "విండోస్ ముప్పైరెండు బిట్లదా? అయితే నాలుగు దాటితే పైసలు దండగ" అన్నాడా కుర్రాడు. అమ్ముకునేవాడు వద్దనడం నేను చూడటం అదే మొదలు. ఆ రకం విండోస్‌కి లెక్క 4 జీబీ దగ్గరే ఆగిపోతుందట. పాతదే ఇంకో 2 జీబీ ముక్క ఆరువందలకిచ్చాడు.

ఇంటికొచ్చి, తీగ పీకి, పెట్టె ఇనుము ముట్టుకుని ఒంట్లో విద్యుత్తు వదిలించుకున్నాను. ముక్కల పళ్లని పెన్సిలు రబ్బరుతో తుడిచి, రెండు చివరలా క్లిప్పులు టక్కుమనేదాకా నొక్కాను. సరిగ్గా కూర్చోకపోతే కీచుమంటుందిట. మాది నోరెత్తలేదు. విండోస్ 7కి 2020 జనవరిలో కంపెనీ రక్షణ ఆపేసింది కనక దానికి ఇంటర్నెట్ తగలనివ్వను. రాసుకునేవాళ్లకి అదీ ఒకందుకు మంచిదే!

ఇప్పుడు నవలా, నిఘంటువూ పక్కపక్కనే కూచుంటున్నాయి, తోడికోడళ్లలా కాకుండా. ఏమాటకామాటే, తెర మీద లెక్క చూస్తే మాత్రం వాడుకోదగ్గది 3.24 జీబీ అని ఉంది.

"మిగతా ముప్పావు ఏదిరా?" అన్నాను.

"లోపలి కార్డులకి నంబర్లివ్వడానికి పోయిందమ్మా" అన్నాడు.

కూరగాయల బండి దగ్గరైతే ఒప్పుకునేదాన్నా!